ఎనిమిదవనాటి ప్రశ్న

కుంగుబాటుకు వాడెడి మందులలో ఏవైన రెండింటిని తగిన మోతాదున, తగినన్ని వారములు వాడియు తేరుకొనని రోగులను వైద్యులు వేరొక పంక్తిలో కూర్చుండబెట్టుదురు. ఆ పంక్తి చిన్నదేమియు కాదు. అట్టివారికొఱకు ఈ పాతికేండ్లలో పరీక్షకు వచ్చిన ఔషధములను గూర్చి మా పొరుగింట బావ, బావమరది వరుసగల వైద్యులిరువురు జరిపిన వాదమును, నాకు జ్ఞాపకమున్నంతలో, ఇచట పొందుపఱచుచున్నాను. బావగారు జిల్లా ఆసుపత్రులలో మత్తువైద్యుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. బావమరది ప్రభుత్వ బోధనాసుపత్రిలో మానసిక వైద్యుడు. ఒకరి పనిని మరియొకరు బాగుగా ఎరిగినవారగుటచేత వారి వాదములో మర్యాద తక్కువ, పస ఎక్కువ. నాకు వైద్యము తెలియదు. వినుటకు అదియే అర్హత యనుకొని కూర్చుంటిని.

బావ : ఏమోయ్, ఉద్యోగమంతయు నేను ఆపరేషను బల్లవద్ద వాడిన కెటమిను ఇప్పుడు మీ చేతిలో మనోవ్యాధికి మందైనదట! ఆ మందు సంగతి నాకు చెప్పకుము. నరములోనికి ఎక్కించిన నిమిషమునకే మనిషి మన లోకమునుండి జారిపోవును గాని కన్నులు మూతపడవు. తెఱచిన కన్నులే ఇటునటు సన్నగా అల్లలాడుచుండును. నోట ఊట ఊరును గనుక ముందుగా గ్లైకోపైరోలేటు ఇచ్చెడివారము. ఊపిరి మాత్రము చెక్కుచెదరదు. రక్తపుపోటు తగ్గుటకు మారుగా పెరుగును. సిలిండరులో ఆక్సిజను అడుగంటిన రాత్రి, కరెంటు పోయిన రాత్రి, లారీ క్రిందపడిన వాని కాలు తీయవలసివచ్చిన సర్జనుకు దానికి మించిన దైవము లేదు. మెలకువ వచ్చునప్పటి కథ వేరు. ఒకడు తాను గోడలోనికి పోయివచ్చితిననును. ఒకతె తన చేతులను చూచుకొని ఇవి ఎవరివని అడుగును. మరియొకడు కెవ్వున కేక పెట్టును. అందుచేత వారిని చీకటిగా ఉన్న మూలనుంచి, ఎవరినీ పలుకరింపనీయక, డయజిపాము ఇచ్చి కనిపెట్టుకొని యుండెడివారము. మనసు కుదుటనున్న వానినే అంత అల్లకల్లోలము చేయు మందును, మొదలే మనసు విఱిగినవానికి ఇత్తురా?

బావమరది : మీరిచ్చినది మత్తు మోతాదు, బావగారూ, ఒక్క ఊపున కిలో బరువుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు ఎక్కించెడివారు. మేమిచ్చునది కిలోకు అర మిల్లీగ్రాము, అదియు సిరింజి పంపుమీద 40 నిమిషములు మెల్లమెల్లగా. రోగి మాటాడుచునే యుండును. తనువు తేలికైనట్లు, గది దూరము జరిగినట్లు తోచును. గంట రెండు గంటలలో ఆ తేలింత దిగిపోవును. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున 2000లో ఏడుగురు రోగులకు ఈ లెక్కనే ఇచ్చి చూచిరి. మూడు దినములలోపల వారి కుంగుబాటు తగ్గినది. 2006లో అక్కడి జాతీయ మానసికారోగ్య సంస్థయందు జరాటే బృందము 18 మందితో మరల పరీక్షించినది; ఒక్క దినము గడచునప్పటికి మందు పుచ్చుకొన్నవారిలో 100కి 71 మందికి గుణము కనిపించినది. మేము వ్రాయు మామూలు మాత్ర పనిచేయుటకు నాలుగు వారములో ఆరు వారములో పట్టును. చావును గూర్చి రాత్రింబగళ్లు తలపోయుచున్న మనిషితో, నెల యోపిక పట్టుమని చెప్పవలసివచ్చిన వైద్యుని నోరు ఎంత పిడచగట్టునో మీకు తెలియదు.

బావ : ఏడుగురు, పదునెనిమిదిమంది. మా వీధి పెండ్లిలో ఒక బంతికి చాలరు. పోనిమ్ము, వారము తిరుగునప్పటికి ఆ డెబ్బదియొక్కరిలో ఎందరు మిగిలిరి?

బావమరది : 35.

బావ : అదిగో! ఆ సంఖ్యను నీయంతట నీవు చెప్పలేదు సుమా. మరియొక సంగతి. 1962లో పార్క్-డేవిస్ కంపెనీలో కాల్విన్ స్టీవెన్సు ఈ ద్రవ్యమును తయారుచేసెను. 1964లో మొట్టమొదట దానిని మనుష్యులకు ఎక్కించినది ఎచట? మిషిగన్ రాష్ట్రపు జాక్సన్ కారాగారములో, ఖైదీలకు. వారును సమ్మతించిరనియే చెప్పుదురు. తాళమువేసిన గదిలోనుండు వాని సమ్మతికి విలువ యెంతయో నేడు ఏ నీతిసంఘము నడిగినను చెప్పగలదు. నిరాశలోనున్న వాడును తాళమువేసిన గదిలోనివాడే కదా?

బావమరది : ఆ ప్రశ్నకు తరువాత వత్తును, అది పెద్ద ప్రశ్న. మొదలు మందు పుట్టుకను గూర్చి మీకు గల అనుమానము తీరవలెను. మా శాస్త్రములో బుద్ధిపూర్వకముగా వెదకి పట్టిన మందు దాదాపుగా లేదు. 1952లో న్యూయార్కు సమీపమున స్టాటెన్ ద్వీపములోని సీవ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇప్రోనియజైడు అను క్రొత్త మందు ఇచ్చి చూచుచుండిరి. ఊపిరితిత్తులు బాగుపడుట అటుంచి, మంచమునుండి లేవలేనివారు వసారాలలో నృత్యము చేయసాగిరి. ఆ ఉల్లాసమును చూచియే కుంగుబాటుకు మొదటి మాత్ర పుట్టెను. ఇమిప్రమినును స్విట్జర్లాండులోని మున్‌స్టర్లింగెన్ పిచ్చాసుపత్రిలో రోలండ్ కూన్ మరియొక వ్యాధికని ఇచ్చెను. ఆ వ్యాధికి పనిచేయలేదు, విషాదమునకు పనిచేసెను. అంతెందుకు, మన సర్పగంధి మాటయేమి? 1931లో గణనాథసేన్, కార్తీక్‌చంద్ర బోసు అను వంగదేశపు పండితులు దానిని ఉన్మాదమునకును రక్తపుపోటునకును వాడవచ్చునని ప్రకటించిరి. 1952లో స్విస్ కంపెనీ సీబా వారు అందులోనుండి రెసర్పినును వేరుచేసిరి. రక్తపుపోటుకు దానిని మ్రింగినవారిలో కొందరు అకారణముగా కుంగిపోయిరి. రెసర్పిను మెదడులోని సెరటోనిను, నారడ్రినలిను వంటి ద్రవ్యములను హరించునని కనుగొని, అయినచో కుంగుబాటనగా ఆ ద్రవ్యముల కొఱతయే కావలెనని ఊహించిరి. మన పెరటి వేరుతో ప్రారంభమైన ఆ యూహయే అర్ధశతాబ్దము మా శాస్త్రమును ఏలెను. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూయాక్సెటిను మొదలు నేడు నేను వ్రాయు చీటీలోని మాత్ర వఱకు అన్నియు ఆ వీధిలోని ఇండ్లే. ఆ వీధిలో తలుపులన్నియు తట్టి నిరాశతో తిరిగివచ్చిన వానికి, కెటమిను వేరొక వీధిని చూపినది.

(ఇచట బావగారు నవ్విరి. సర్పగంధి ప్రసంగము వచ్చినప్పుడెల్ల ఆయన నవ్వుట కలదు. వారి తాతగారు ఆ వేరును నూరి నిద్రపట్టనివారికి ఇచ్చెడివారట.)

బావ : ఆ క్రొత్త వీధి పేరు?

బావమరది : గ్లూటమేటు. కెటమిను నాడీకణముల మీద ఆ ద్రవ్యమునకుండు ఒకానొక ద్వారమును కొంతసేపు మూసివేయును. మందు ఒక్క దినములోనే శరీరమునుండి వెడలిపోవును గాని గుణము వారము నిలుచును. కావున అది వదలిపోయిన మార్పేదియో వెనుక నిలిచియుండవలెను గదా. 2010లో యేల్‌లోనే రోనాల్డ్ డూమన్ బృందము ఎలుకల మెదడును పరీక్షించి, కొన్ని గంటలలోనే నాడీకణముల నడుమ క్రొత్త సంధులు మొలకెత్తుట చూచిరి. దీర్ఘకాలము చింతలో క్రుంగిన మెదడున ఆ సంధులే ఎండిపోవును.

బావ : ఎలుకకు విషాదమున్నదని దానిని తోకపట్టి వ్రేలాడదీసి నిర్ణయించు శాస్త్రము మీది, దానిని అటుంచుదము. 2018లో స్టాన్‌ఫర్డువారు చేసిన పని నీవు చదువలేదా? రోగులకు ముందుగా నాల్ట్రెక్సోను ఇచ్చి, అనగా నల్లమందు జాతి ద్రవ్యములు పనిచేయు ద్వారములను మూసివేసి, పిమ్మట కెటమిను ఎక్కించిరి. తేలింత యథాప్రకారము వచ్చెను. కుంగుబాటు మాత్రము తగ్గకపోయెను. నీ గ్లూటమేటు వీధిలో నల్లమందు దుకాణమొకటి తెఱచియున్నదన్నమాట. నేను మార్ఫిను ఇచ్చి ఇచ్చి చూచినవాడను. మనిషికి ఒక్క గంటలో ప్రపంచము తియ్యగా తోచునట్టి మందు ఏదైనను నాకు భయమే. కెటమినును వేడుకకు అలవాటుచేసికొని మూత్రాశయమును పాడుచేసికొన్నవారున్నారని నీవే చెప్పితివి. మన ప్రభుత్వము 2013లో దానిని ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ ఎక్స్‌లోనికి ఊరకయే త్రోసినదా?

బావమరది : నాల్ట్రెక్సోను పరీక్ష చిన్నది, అయినను కొట్టివేయదగినది కాదు. అలవాటు భయమును నేను కాదనను. అందుకొఱకే దానిని ఇంటికి ఇచ్చి పంపము; మా కన్నులయెదుటనే ఇత్తుము. కాని ఒక్క న్యాయము చూడుడు. దుర్వినియోగమగునని షెడ్యూలులోనికి త్రోసినందుచేత, పల్లెటూరి ఆసుపత్రిలో కాలు విఱిగిన వానికి మీరు మత్తు ఇయ్యవలసివచ్చినప్పుడు ఎన్ని రిజిస్టర్లు నింపవలసివచ్చెనో మీరే విసుగుకొన్నారు. ప్రపంచారోగ్యసంస్థ ఆవశ్యకౌషధముల పట్టికలో ఆ మందు 1985 నుండి కలదు. భయము వేరు, లెక్క వేరు.

బావ : లెక్కకే వత్తును. మీ పరీక్షలలో సగముమందికి మందును, సగముమందికి ఉప్పునీటిని ఇత్తురు. ఎవరికేమి ఇచ్చినది రోగికి తెలియరాదు. కెటమినెక్కిన వానికి గది దూరము జరిగిపోవును, ఉప్పునీరెక్కిన వానికి ఏమియు కాదు. తెలియకుండుట ఎట్లు? పరీక్ష మొదటి పది నిమిషములలోనే కన్నులగంత ఊడిపోవును. తనకు మందు దొరికినదని తెలిసిన రోగి ఆశతో లేచి కూర్చుండును. దొరకలేదని తెలిసిన రోగి మఱింత క్రుంగును. ఆ రెంటి నడుమ గల దూరమును మీరు మందు బలమని వ్రాసికొందురు. 2023లో స్టాన్‌ఫర్డువారే చేసిన మరియొక పరీక్ష నాకు మిక్కిలి ఇష్టమైనది. ఎందుచేతననగా అది నా బల్లమీద జరిగినది. ఏదో శస్త్రచికిత్సకై వచ్చిన, కుంగుబాటు గల 40 మందిని తీసికొని, వారు పూర్తి మత్తులో ఉండగా సగముమందికి కెటమిను, సగముమందికి ఉప్పునీరు ఎక్కించిరి. తేలింత చూచుటకు మెలకువయే లేదు. ఫలితమేమి? ఇరువర్గములును బాగుగా తేరుకొనినవి, వానిలో ఎన్నదగిన భేదము లేదు. ఎవరు ఎక్కువ తేరుకొనిరో వారే తమకు కెటమిను పడినదని అనుకొనిరి. ఏమందువు?

ఈ మాటకు బావమరది వెంటనే ప్రత్యుత్తరమియ్యలేదు. నాకు తోచినంతలో ఆ సాయంకాలపు వాదమునకు వెన్నెముక వంటి ఘట్టమిదియే. తక్కినవన్నియు దీని ఇరుప్రక్కల ప్రక్కటెముకలు.

బావమరది : మూడు మాటలందును. మొదటిది, శస్త్రచికిత్సలో మీరు వాడు ఇతరమైన మత్తుమందులును మెదడును తాకును. అవి కెటమిను పనిని మ్రింగివేసియుండవచ్చును, లేదా అవియే కొంత మేలు చేసియుండవచ్చును. రెండవది, 2023లోనే అమెరికాలో అయిదు ఆసుపత్రులు కలిసి, ఉన్మాద లక్షణములు లేని, మందులకు లొంగని కుంగుబాటు గల రోగులకు కొందరికి విద్యుచ్చికిత్స, కొందరికి కెటమిను ఇచ్చి మూడు వారములు పోల్చి చూచిరి. కెటమిను వర్గమున 100కి 55 మంది, విద్యుత్తు వర్గమున 41 మంది తేరుకొనిరి. జ్ఞాపకశక్తి చెదరుట కెటమినువారిలో తక్కువ. విద్యుచ్చికిత్స యెంత బలమైనదో మీకు తెలియనిది కాదు. నా రోగులకు దానికై మత్తు ఇచ్చినది మీరే. మూడవది, బావగారూ, మీ ఆశ సిద్ధాంతమునకే వేయు ప్రశ్న. నాయొద్దకు వచ్చు రోగి అంతకుముందు నాలుగు మందులు మ్రింగియుండును. ఆ నాలుగింటిని ఆశతోనే మ్రింగెను గదా? మొదటిదానిని మఱింత ఆశతో మ్రింగెను. ఆశయే మందైనచో నాడేల పనిచేయలేదు? స్టార్-డీ అను పరీక్ష అమెరికాలో దాదాపు 4,000 మందితో ఏండ్లతరబడి జరిగినది. ఒక మందు పనిచేయనిచో రెండవది, అదియు కానిచో మూడవది, నాలుగవది ఇచ్చి చూచిరి. నాలుగు మెట్లెక్కినను మూడవవంతు మంది తేరుకొనలేదని వారి లెక్క. ఆ లెక్కయు ఉదారముగా వేసినదని పిదప విమర్శ వచ్చినది. మెట్టు మెట్టుకును తేరుకొనువారు తగ్గుచుండిరి.

బావ : నాలుగు మందులు ఇచ్చినప్పుడు అతనిప్రక్కన ఎవరు కూర్చుండిరి? మీ ఔట్ పేషెంటు విభాగములో ఉదయము నూరుమంది. ఒక్కొక్కరికి మూడు నిమిషములు. చీటీ వ్రాసి, నెల తరువాత రమ్మందురు. కెటమినుకు వచ్చినప్పుడో? మంచము, దుప్పటి, చేతికి రక్తపుపోటు పట్టీ, వ్రేలికి ఆక్సిజను క్లిప్పు. నర్సు రెండు గంటలు కదలక కూర్చుండును. డాక్టరు వచ్చి ఎట్లున్నదమ్మా అని అడుగును, ఆమె ఏమి చెప్పునో వినును. ఆ రెండు గంటల మనిషిని కూడ మందులో కలిపి లెక్కించితివా?

బావమరది : లెక్కించలేదు. లెక్కించు ఉపాయమును ఎవరును చెప్పలేదు.

బావ : పుట్టగొడుగువారు ఆ ఉపాయమును తలక్రిందుగా పట్టిరి గదా.

పుట్టగొడుగు మాట నాకు అర్థము కాలేదని కనిపెట్టి బావమరది వివరించెను. మెక్సికోలోని మజటెక్ జాతి వైద్యురాలు మరియా సబీనా రాత్రిపూట జరుపు క్రతువులలో వాడిన పుట్టగొడుగులనుండి 1958లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ సిలోసిబిన్ అను ద్రవ్యమును వేరుచేసెను. దానిని మాత్రగా ఇచ్చి, రోగిప్రక్కన శిక్షణ పొందిన ఇద్దరిని ఆరేడు గంటలు కూర్చుండబెట్టుదురు. అనగా ఆ మనిషి తోడును చికిత్సలో భాగమేయని బహిరంగముగా ఒప్పుకొందురు. 2022లో 233 మందితో జరిగిన పరీక్షలో 25 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారిలో మూడు వారములకు 100కి 37 మందికి, ఒక్క మిల్లీగ్రాము పుచ్చుకొన్నవారిలో 18 మందికి గుణమిచ్చినది. పండ్రెండు వారములు గడచునప్పటికి ఆ భేదము సన్నగిలినది. ఆస్ట్రేలియా 2023 జూలైనుండి అనుమతి పొందిన మానసిక వైద్యులను దానిని వ్రాయనిచ్చుచున్నది. మన దేశమున అది మాదకద్రవ్యముల చట్టములోని నిషిద్ధ వస్తువు. బావగారికి దానిపై వైరము లేదు, మక్కువయు లేదు. మరియా సబీనా గ్రామముమీద 1957 తరువాత విదేశీయులు మిడుతలవలె వాలి ఆమె బ్రతుకును బుగ్గిచేసిరని మాత్రము కోపము. ఆ చర్చను నేనిచట సాగదీయను.

బావ : ఇక నీవు తరువాతకని దాచిన ప్రశ్న. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలము ప్రాంతమున ఆశ్రమపాఠశాలల బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు టీకా ప్రయోగాత్మకముగా వేసిరి. అమెరికా సంస్థయు, మన భారత వైద్యపరిశోధనా మండలియు, రాష్ట్రప్రభుత్వమును కలిసి చేసిన కార్యమది. సమ్మతిపత్రములమీద తలిదండ్రుల వ్రాలుకు బదులు ఎన్నోచోట్ల హాస్టలు వార్డెను వ్రాలు. 2010లో ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తూర్పారబట్టెను. టీకా మంచిదా చెడ్డదా అని నేనడుగుట లేదు, మంచిదే కావచ్చును. మన నేలమీద సమ్మతి యెట్లు పుట్టునో చెప్పుచున్నాను. నీ రోగి నిరాశతో వచ్చును. ఏ కాగితమిచ్చినను వ్రాలు చేయును. వెంట వచ్చిన అన్నయో భర్తయో, సారు చెప్పినట్లు చేయుమనును.

బావమరది : ఖమ్మము తరువాతనే గదా నియమములు బిగిసినవి. నిస్సహాయుల సమ్మతిని దృశ్యశ్రవణ రూపమున రికార్డు చేయవలెనని వచ్చినది. 2019 నాటి క్రొత్త ఔషధ, క్లినికల్ పరీక్షల నిబంధనలలో పరిహారపు లెక్కయు వచ్చినది. అయితే మీ వాదములోని మొదటి మెట్టునే నేనంగీకరింపను. నిరాశలోనున్నవాడు దేనికైనను తలయూచునని మీరందురు. నా అనుభవమున అతడు దేనికిని తలయూపడు. మందు వలదు, ఖర్చు వలదు, నావంటి వానిపై మీ కాలము వృథా యనును. క్రుంగినవాడు ఆశను అతిశయింపజేసికొనడు. ఉన్నదానిని కూడ చూడలేడు. అట్టివాడు కొంత విచారించి, నష్టములడిగి, సరేయన్నచో ఆ మాటకు విలువనీయకుండుట అతనిని రెండవసారి మనిషికాకుండ చేయుటయే. మన 2017 మానసికారోగ్య చట్టము కూడ, అన్యథా తేలువఱకు, ప్రతి రోగికిని నిర్ణయసామర్థ్యము కలదనియే భావింపుమన్నది.

బావ : బాగుగా చెప్పితివి. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు. అయినను నా భయమును అది తీర్చలేదు, స్థలము మార్చినది. వ్రాలు చేసిన దినమునకు మనిషిని మనిషిగానే చూచితిరి, సరే. ఎనిమిదవ దినమున?

బావమరది కొంత తడవు ఊరకుండి, తన రోగియొకరి సంగతి చెప్పెను. ఊరుపేరులు చెప్పలేదు, నేనడుగలేదు. బడిపంతులమ్మ, ఎన్నియో నెలలుగా పెట్టినది తినుచు, ఏమి పెట్టితిరని అడుగనిది. మొదటిసారి కెటమిను ఎక్కించిన మరునాటి ఉదయము, వార్డులో ఆయా ఇచ్చిన కాఫీని నోటబెట్టుకొని, చక్కెర యింత పోసితివేమని కసరుకొనినదట. ఆ కసరును విని నర్సు పరుగెత్తివచ్చి డాక్టరుకు చెప్పినదట. ఆ వారమంతయు పంతులమ్మ సాంబారులో ఉప్పు చాలదని, కిటికీ తలుపు చప్పుడు చేయుచున్నదని, కొడుకు గడ్డము గీసికొనలేదని వంకలు పెట్టుచునే యుండెను. ఎనిమిదవ దినమున కాఫీలో చక్కెరయే వేయలేదు. ఆమె మారుమాటాడక త్రాగివేసెను.

బావ : మరల ఇచ్చితివా?

బావమరది : ఇచ్చితిని. మరల తేరుకొన్నది. వారమునకు రెండుసార్లు మూడువారములు ఇచ్చితిమి. తరువాత వారానికొకసారి రమ్మంటిమి. బస్సులో మూడుగంటల ప్రయాణము. వచ్చిన దినమున కొడుకుకు కూలి పోవును. తిరుగుబస్సులో ఆమెకు తల తిరుగును. ఆఱవ వారమున రాలేదు.

బావ : మందు ఖరీదెంత?

బావమరది : మందు చవుకయే. పాతమందు, పేటెంటు తీరినది. అందుకే గదా కంపెనీవారు అందులోని రెండు ప్రతిబింబరూపపు అణువులలో ఒకదానిని వేరుచేసి, ఎస్కెటమినని ముక్కులో చల్లు స్ప్రేగా తెచ్చి, 2019లో అమెరికాలో అనుమతి పొందిరి. అచట కూడ అనుమతి పొందిన కేంద్రములోనే పుచ్చుకొని రెండుగంటలు అచటనే యుండవలెను. వారి స్వల్పకాల పరీక్షలలో కొన్ని నెగ్గలేదు. బ్రిటనులోని నైస్ సంస్థ, దీర్ఘకాలపు మేలును ఖర్చును తూచి, ప్రభుత్వవైద్యములో దానిని వాడుమని సిఫారసు చేయలేదు. మన ఆసుపత్రిలో ఖరీదైనది మందు కాదు; మంచము, నర్సు, బస్సు, కొడుకు కూలి.

బావ : నా మాటను నీవే అనుచున్నావు. వినుము. మొదటి సూదికి ముందు ఆమెకు లోకమంతయు ఒకే చీకటి. అందులో పోల్చుకొనుటకు ఏమియు లేదు. నీవు ఒక్కవారము దీపము పెట్టితివి. ఆమెకు కాఫీ రుచి తెలిసినది, కొడుకు గడ్డము కనిపించినది. పిమ్మట దీపము తీసికొనిపోయితివి. ఇప్పుడు తాను పోగొట్టుకొన్నది ఏదియో ఆమెకు తెలియును. కత్తివైద్యుడు కడుపు కోసి, కుట్టుటకు వచ్చే మంగళవారము రమ్మనునా? జాతీయ మానసికారోగ్య సర్వే 2015, 16లలో చూచినప్పుడు కుంగుబాటు గలవారిలో 100కి 80 మందికి పైగా ఏ చికిత్సయు అందుటలేదని తేలెను. మామూలు మాత్రయే అందని చోట నీ క్రొత్తమందు గది తెఱచుటను నేను తప్పుపట్టను. తెఱచి మూయుటను తప్పుపట్టుదును.

బావమరది : ఆ వారము వ్యర్థమందురా? ఆ వారములోనే ఆమె తన నోటితో తొలిసారి తన వ్యాధిని గూర్చి చెప్పినది. అంతకుముందు మాకు తెలియని థైరాయిడు లోపము, భర్త పోయిన ఏడాది సంగతి, మాత్రలు మధ్యలో మానివేసిన సంగతి, అన్నియు ఆ వారములోనే తెలిసినవి. మాటాడలేని మనిషికి మాట వచ్చినప్పుడు వైద్యమునకు త్రోవ దొరకును. ఆరవ వారమున రాకపోయినను, ఆమెకు వ్రాసిన చీటీ మునుపటి చీటీ కాదు.

బావ : ఆమె ఇప్పుడెట్లున్నది?

బావమరది : కొడుకు ఫోను చేసెను. బడికి పోవుచున్నదట, సంతోషముగా లేదట. విద్యుచ్చికిత్సకు రమ్మంటిని. ఆలోచించెదమనిరి.

బావ : అయినచో ఒక్క నియమమునకు ఒప్పుకొనుము, నా విరోధమును మానెదను. మొదటి సూదికి ముందే, సమ్మతిపత్రముమీదనే, తరువాతి సూదులు ఎన్నాళ్లు, ఎవరి ఖర్చున, ఎవరి బస్సుపై అని వ్రాయవలెను. రోగి నీకు వ్రాలు చేయును గదా. నీవును రోగికి వ్రాలు చేయుము.

బావమరది : 2019 నిబంధనలలో పరీక్ష ముగిసిన తరువాత, మేలు పొందిన రోగికి వేరు చికిత్స లేనప్పుడు, మందును ఉచితముగా ఇప్పించు మార్గమొకటి కలదు. అది లాంఛనముగా జరుగు పరీక్షలకు. మేము చేయునది పరీక్ష కాదు. కెటమినుకు మత్తుమందుగా అనుమతి కలదు. కుంగుబాటుకు దానిని వాడుట వైద్యుని విచక్షణ. అందుచేత మమ్ము ఆ నియమము పట్టదు.

బావ : పరీక్షకైన కావలి యున్నది, పరీక్ష కాని ప్రయోగమునకు లేదు! విచిత్రము కదా?

బావమరది : విచిత్రమే. ఒప్పుకొందును. ఎన్నాళ్లు వ్రాయుమందురు?

బావ : ఎస్కెటమినుమీద ఒక దీర్ఘపరీక్ష జరిగినది గదా, 16 వారములు వాడి నిలకడగా తేరుకొన్నవారిలో సగముమందికి మందు కొనసాగించి, సగముమందికి ఉత్త స్ప్రే ఇచ్చినప్పుడు, కొనసాగించినవారిలో 100కి 27 మంది, మానినవారిలో 45 మంది మరల జబ్బుపడిరి. నీవే నాకు చదివి వినిపించితివి. కావున 16 వారములు వ్రాయుము. పిదప సంగతి పిదప.

బావమరది : పదునారు వారములు! నాకున్నవి రెండు మంచములు. నేను నాలుగు వారములు వ్రాయగలను. అటుపిమ్మట విద్యుచ్చికిత్సయో, లిథియము జోడించుటయో, మాటల వైద్యమో చేయుదునని వ్రాయగలను.

బావ : నాలుగు వారములైనచో అది నీ పంతులమ్మ కథయే. పదునారు.

బావమరది : సరే, పదునారే వ్రాసితిననుకొనుడు. దానిక్రింద వ్రాలు ఎవరిది? నాదైనచో, వచ్చే జూనులో నేను బదిలీయైన మరునాడు ఆ కాగితమునకు విలువ ఉండదు.

బావ : అందుకే ఆసుపత్రిది కావలెను. సూపరింటెండెంటు వ్రాలు లేని కాగితముమీద సూది ఎత్తకుము.

బావమరది : ఆయన చేయడు, బావగారూ. చేసినచో నర్సును పదునారు వారములు ఆ గదికే ఇయ్యవలెను. ఆమెను ఇప్పటికే జ్వరాల వార్డుకు అడుగుచున్నారు. మీ నియమము మంచిదే. దానిని పాటించితినేని ఈ ఏడు ఆ గదిలో ఒక్క సూదియు లేవదు. వరుసలో ఆరుగురున్నారు. వారిలో ఇద్దరిని ఇంటివారు రాత్రింబగళ్లు కాచుకొనియున్నారు. రేపు ఉదయము వారికేమి చెప్పుమందురు?